రేడియో మీద అరచెయ్యి

అటక మీది నుంచి రేడియో దించింది నేనే. మా పాపకు మూడేళ్లు నిండాయి, నోట్లోంచి ఇంకా ఒక్క మాట రాలేదు. ‘అమ్మ’ అని కూడా అనలేదు. టీవీ పెడితే బొమ్మలు చూస్తూ కూర్చుంటుంది. ఫోన్ ఇవ్వొద్దని అందరూ చెప్పారు, మానేశాం. బొమ్మ లేకుండా ఉత్త గొంతు ఒక్కటే వచ్చేది రేడియోలోనే కదా, పొద్దంతా ఒక గొంతు చెవిన పడుతూ ఉంటే మాట అదే వస్తుందేమో అనుకున్నాను. నాకు మాటలు వచ్చింది దానివల్లనే అని నా నమ్మకం.

రేడియో బాపుది. మా నాన్నను మేం బాపు అనే పిలుస్తాం. గోధుమరంగు తోలు కవరు, దానికి గొంతు బయటికి రావడానికి వరసగా చిన్న చిల్లులు. పట్టీ తెగితే అమ్మ తన పాత చీర అంచుతో కుట్టిన ముక్క అట్లనే ఉంది. దాని మీద దుమ్ము తుడుస్తుంటే, బాపు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను దాన్ని ఎందుకు తీశానో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

నా చిన్నప్పుడు మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. రెండు గదులు, వెనక వంటిల్లు, ముందు అమ్మ పెంచిన జామచెట్టు. బాపు బొగ్గుబాయిలో డ్రిల్లర్. మందు దట్టి పేల్చడానికి బొగ్గుకు బెజ్జాలు వేసే మిషను ఆయన చేతిలో ఉండేది. నైట్ షిఫ్టు పడిన వారం, పొద్దున ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిని పడుకునేవాడు. ఆ వారం మా గల్లీకి గల్లీయే గొంతు తగ్గించుకునేది. కూరగాయల బండాయన వస్తే, అమ్మ గుమ్మంలోంచే వేలు పెదాల మీద పెట్టి, "లోపట నైట్ షిఫ్టు పండుకున్నడు" అనేది. ఆయన వెంటనే అరుపు ఆపి, వంకాయల ధర గుసగుసగా చెప్పేవాడు. మేము గోలీలాడినా చప్పుడు కాకుండా ఇసుకలో ఆడేవాళ్లం. బాయి మీద బతికే ఇండ్లల్లో పిల్లలకు నడక తర్వాత నేర్పే విద్య ఇదే.

అందుకే నేను రేడియోను ఎప్పుడూ పెద్దగా వినలేదు. గొంతు సన్నగా తగ్గించి, వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని, ఆ చిల్లులకు చెవి అంటించి వినేదాన్ని. లేచేసరికి చెంప మీద చిల్లుల అచ్చు పడేది. అట్లా వింటే గొంతు గదిలో ఉన్నట్టు ఉండదు. మనలోపలే ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మధ్యాహ్నం కార్యక్రమాల్లో ఒకావిడ మాట్లాడేది. ఆమె అప్పుడే తలస్నానం చేసిందనీ, జుట్టు ఆరబోసుకుంటూ చదువుతోందనీ నాకు గట్టిగా తెలుసు. ఎట్లా తెలుసని అడిగితే చెప్పలేను. వార్తలు చదివే ఆయనకు పెద్ద బొజ్జ. రైతులకు సలహాలు చెప్పే ఇద్దరిలో ఒకాయనకు ఎప్పుడూ ముక్కు దిబ్బడ, రెండో ఆయన మంచం మీద కాళ్లు ఊపుతూ మాట్లాడతాడు. సంగీతం వచ్చేటప్పుడు ఒక పొడుగాటి వరండాలో వీళ్లంతా వరసగా కూర్చుని మంచినీళ్లు తాగుతారు.

వీళ్లంతా ఎక్కడుంటారని ఒకసారి బాపును అడిగాను. ఆయన చాయ్ తాగుతున్నాడు.

"ఏందీ? ఇటు దిక్కు తిరిగి అడుగు. పెద్దోళ్లతోని మాట్లాడేటప్పుడు మొఖం సూసి మాట్లాడాలె బిడ్డా."

ఎదురుగా నిలబడి మళ్లీ అడిగాను.

"వాళ్లా? మా బాయిలనే ఉంటరు. నాలుగో లెవెల్ దాటినంక."

"మరి నీకు కనవడ్తరా?"

"చీకటి కదా. లైటు వేస్తే సిగ్గువడి అటు తిరుగుతరు."

"ఆ అక్కకు నేను నమస్తె చెప్పిన అని చెప్పు."

మరునాడు డ్యూటీ నుంచి రాగానే, బూట్లు విప్పకముందే చెప్పాడు. "చెప్పిన. లెక్కలు మంచిగ చెయ్యమన్నది నిన్ను."

నమ్మాను. బాపు కూడా చీకట్లోంచే ఇంటికి వచ్చేవాడు, ఆ గొంతులు కూడా ఏదో చీకట్లోంచే వచ్చేవి. రాత్రి రేడియోలో మాటలు అయిపోయి ఉత్త చప్పుడు మిగిలితే, వాళ్ల షిఫ్టు అయిపోయిందని, లాంపులు అప్పజెప్పి ఇండ్లకు పోతున్నారని అనుకునేదాన్ని. వాళ్లలో ఒక్కరికైనా దెబ్బ తగిలిందేమో, రేపు ఆ గొంతు రాదేమో అని భయం కూడా ఉండేది. బాయి మీద పిల్లలకు ఎవరు డ్యూటీకి పోయినా ఆ భయం ఉంటుంది.

ఆదివారం పగటిపూట నాటకం వచ్చేది. నాకది ఎప్పుడూ దక్కేది కాదు. పొద్దున చర్చి, అన్నం తిన్నాక ఎవరో ఒకరి ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన కూడిక. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయేది. పాటల పుస్తకం పట్టుకుని నేను చాప మీద కూర్చుంటే, నా ప్రాణమంతా మా ఇంట్లో రేడియో దగ్గర ఉండేది. పొద్దుగూకే వేళకు ఇంటికి రాగానే చెప్పులు విడిచీ విడవకముందే బాపు ముందుకు పోయి నిలబడేదాన్ని.

"బాపూ, ఇయ్యాల నాటకం ఏమొచ్చింది?"

ఆయన కాళ్లు మంచం మీదికి ముడుచుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదలుపెట్టేవాడు. ఒక ఆదివారం నాటకంలో, ఒకాయన బాయిలో దారి తప్పుతాడు. లాంపు ఆరిపోతుంది. గోడ మీద చెయ్యి పెడితే నీటి చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మ ఎటు ఎక్కువైతే అటు పోతూ పోతూ, నీళ్లు బయటికి తోడే పంపు దగ్గరికి చేరుకుంటాడు. ఇంకో ఆదివారం, ఒక ఇల్లాలు పెనిమిటికి టిఫిన్లో జొన్నరొట్టెలు కట్టి పంపుతుంది. రోజూ సగం రొట్టె మాయమవుతున్నదని తెలిసి, ఇంకెవరితోనో పంచుకుంటున్నాడని అనుమానపడుతుంది. ఆ సగం తినేది ఎలుక. బాయి కప్పు కూలేముందు ఎలుకలు ముందుగా ఉరుకుతాయట, అందుకని ఆయన దాన్ని మచ్చిక చేసుకున్నాడు.

"ఎలుక ఏమన్నది బాపూ?"

"రేడియోల ఎలుక మాట్లాడ్తదా, పిచ్చిపిల్ల."

"మరి ఎలుక అని నీకెట్ల తెలిసింది?"

బాపు మంచం పట్టెను గోటితో గీకి చూపించి, "గీకుతది గదా, గట్ల తెలిసింది" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది.

రేడియో నాటకాలంటే అన్నీ అట్లనే ఉంటాయని, అన్నింట్లో చీకటి, నీటిచుక్కల చప్పుడు, ఎవరో ఒకరు బయటికి వచ్చే దారి వెతకడం ఉంటాయని నేను అనుకునేదాన్ని.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక ఆదివారం పెద్ద వాన పడి కూడిక ఆగిపోయింది. సగం దారిలోంచి తిరిగి వచ్చాం. బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు, రేడియో స్టూలు మీద ఉంది, నాటకం నడుస్తోంది. ఆయన అరచెయ్యి రేడియో మీద ఆనించి ఉంది. పడుకున్న దూడ వీపు మీద చెయ్యి వేసినట్టు. ఎప్పుడూ అట్లనే పెట్టుకునేవాడు, రేడియో అంటే ప్రేమ అనుకునేదాన్ని. నేను పోయి పక్కన కూర్చుని మొత్తం విన్నాను. ఇద్దరు గుమాస్తాలు, ఒక గొడుగు మారిపోవడం, దానివల్ల పెళ్లిచూపుల్లో జరిగిన గందరగోళం. నవ్వు నాటకం. నేను నవ్వాను. బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు, నవ్వలేదు. చివర్లో సంగీతం వచ్చినప్పుడు మాత్రం తల ఊపాడు.

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ పక్క క్వార్టర్ కాక తొంగిచూశాడు. "నాటకం ఏమొచ్చిందే అన్నా ఇయ్యాల?"

"మంచిగుండె తమ్మీ. ఒకాయన కొడుకు జాతరల తప్పిపోతడు. తల్లి ఏడ్సుకుంట ఏడ్సుకుంట..."

నేను నోరు తెరిచాను. "కాదు" అనేదాన్నే. అమ్మ వంటింట్లోంచి నన్ను గట్టిగా పిలిచింది. పోతే, తలుపు దగ్గరగా వేసి నా భుజాలు పట్టుకుంది.

"బాపుకు ఇనవడదు బిడ్డా. మిషను చెవులను తిన్నది. కొంచెం కొంచెం పోయి, ఇగ ఏం లేదు. బాయిల ఎవ్వలికీ తెల్వది, నువ్వు ఎవ్వలతోని అనకు. తెలిస్తె బాయిలకు దించరు, మీది పనికి తోలుతరు, చెవిటోడు అని నవ్వుతరు, గదే ఆయన ఫికర్."

"మరి నాటకం?"

"చెయ్యి వెడ్తడు గదా. పాటకు ఒక తీరుగ అదురుతదట, మాటకు ఒక తీరుగ అదురుతదట. ఎవరన్న ఏడిస్తె ఇంకో తీరట. మిగిలింది ఆయనే అల్లుకుంటడు."

నాకు ఏడుపు వచ్చింది. అమ్మ కొంగుతో నా ముఖం తుడుస్తూ ఇంకో మాట చెప్పింది. "నువ్వు మాత్రం అడుగుడు బంద్ వెట్టకు. నువ్వు అడుగుతవనే ఆదివారం కోసం సూస్తడు ఆయన."

ఆ రోజు నుంచి నాకు చాలా విషయాలు ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. ముఖం చూసి మాట్లాడాలె అని ఆయన నేర్పిన మర్యాద, మా పెదాలు చదవడానికి. ఆయన నిద్ర కోసం గల్లీ మొత్తం గుసగుసలాడిందే, ఆ గుసగుసలు ఆయనకు అక్కరలేదు. అమ్మకు అది తెలుసు. తెలిసీ కూరగాయల బండాయనకు వేలు చూపించేది, ఎవరికీ అనుమానం రావొద్దని. బాయిలో కప్పుకు ఆసరాగా నిలబెట్టిన కర్ర దుంగల మీద అరచెయ్యి పెడితే, పైన బరువు కదులుతున్నదో లేదో తెలుస్తుందని బాపు తర్వాత ఎప్పుడో చెప్పాడు. అందరూ కప్పు చప్పుడు విని జాగ్రత్త పడతారు. ఆయన చేత్తో జాగ్రత్త పడేవాడు. అట్లా అలవాటైన చెయ్యే ఇంటికొచ్చి రేడియో మీద ఉండేది.

నాకు భయం పట్టుకున్నది కూడా అప్పుడే. బాపు డ్యూటీకి పోతే, వెనక నుంచి ఎవరైనా "తప్పుకో" అని అరిస్తే ఈయనకు వినపడుతుందా అని ఆలోచిస్తూ రేడియోకు చెవి పెట్టుకుని కూర్చునేదాన్ని. అందులో వచ్చే ప్రతి కథలోనూ బాపును ఎవరో ఒకరు చెయ్యి పట్టి పక్కకు లాగేవారు. నేనే అట్లా కథ మార్చుకునేదాన్ని.

అడగడం మాత్రం మానలేదు. పదో తరగతి అయ్యేదాకా, ఆ తర్వాత కూడా ఆదివారం వస్తే అడిగాను. కథలు ఆయనవే అని తెలిశాక ఇంకా ఇష్టంగా విన్నాను. కానీ డిగ్రీకి కరీంనగర్ హాస్టల్‌కు పోయాక అడగడం దానంతటదే ఆగిపోయింది. ఫోన్లో బాపు మాట్లాడలేడు. అమ్మే మాట్లాడేది, "బాపు మంచిగున్నడు" అనేది. హాస్టల్లో ఒకసారి రూమ్మేట్ ఫోన్లో రేడియో నాటకం విన్నాను. మంచి నాటకమే. ఎంతసేపు విన్నా అందులో చీకటి రాలేదు, ఎవరూ గోడ తడమలేదు. మధ్యలోనే ఇయర్‌ఫోన్లు తీసి ఇచ్చేశాను. తర్వాత నా పెళ్లి, బాపు రిటైర్‌మెంట్, క్వార్టర్ ఖాళీ చేయడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. పాప పుట్టకముందు ఏడాది అమ్మ పోయింది. బాపు మా దగ్గరికి వచ్చాడు, రేడియో అటకెక్కింది.

మా ఆయన పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ లారీ నడుపుతాడు. మేముండే ఇల్లు ఆ గనికి దగ్గర. రోజూ పగలు బ్లాస్టింగ్ ఉంటుంది. ముందు సైరన్ కూస్తుంది, రోడ్డు మీద బండ్లు ఆపుతారు. కాసేపటికి భూమి కింద ఎవరో పెద్ద తలుపు ధడాలున మూసినట్టు ఇల్లంతా కదులుతుంది, స్టాండులో గిన్నెలు మోగుతాయి, గోడ పగుళ్లలోంచి ఇంత సున్నం రాలుతుంది. మాకు అలవాటే. పాప మాత్రం ప్రతిసారీ ఉలిక్కిపడేది. నెలల పిల్లప్పుడు రెండు చేతులూ గాల్లోకి చాచేది. పెద్దయ్యాక ఆట ఆపి తలెత్తి చూసేది.

మేము మోసపోయింది అక్కడే. పిలిస్తే పలకడం లేదని నాకు అనుమానం వచ్చినప్పుడల్లా మా ఆయన ఒకటే మాట అనేవాడు. "బ్లాస్టింగ్‌కు ఎట్ల దుంకుతదో సూస్తలేవా? చెవులు మంచిగనే ఉన్నయి. అదంతా మొండితనం, నీ పోలిక."

పక్కింటి అక్క కూడా అంతే. "మా వోడు నాలుగేండ్లకు మాట్లాడిండు చెల్లె. ఇప్పుడు నోరు మూయిద్దామంటె మూస్తలేడు. నువ్వు ఫికర్ వెట్టుకోకు, నీ పిల్ల చెవులకేమైంది, గంత దూరం బాంబు ఇనవడ్తుంటె!"

నిజమే కదా అనుకునేదాన్ని. ఒక్కోసారి మధ్యాహ్నం నేనే బ్లాస్టింగ్ కోసం ఎదురుచూసేదాన్ని. పాప ఉలిక్కిపడితే ఆ పూటకు నాకు అన్నం సయించేది.

రేడియో దించిన రోజు, కొత్త సెల్లులు వేసి, తీగ కిటికీ ఊచకు కట్టి ముల్లు తిప్పాను. చాలాసేపు గరగర తర్వాత ఒక ఆడగొంతు దొరికింది. జుట్టు ఆరబోసుకునే నా అక్క కాదు, ఈమె గొంతు వేరు, ఈమె చాలా తొందరలో ఉంది. అయినా పాపను ఎత్తుకొచ్చి దాని ముందు కూర్చోబెట్టి, గొంతు పెంచాను. పాప దాని వైపు చూసింది. తోలు కవరును ముట్టుకుంది. ఆ చిల్లుల మీద అరచెయ్యి పెట్టి, అట్లనే ఉంచేసింది. ముఖం మెల్లగా వెలిగింది.

"సూడు బాపూ, ఎంత మంచిగ ఇంటున్నదో!" అన్నాను, ఆయన వైపు తిరిగి.

బాపు నా వైపు చూడలేదు. పాప చేతినే చూస్తున్నాడు. చాలాసేపు చూసి, వచ్చి మా పక్కన కింద కూర్చున్నాడు.

"బిడ్డా, ఈ పిల్ల ఇంటలేదు."

"ఏం మాట్లాడ్తున్నవ్ బాపు?"

"నా లెక్కనే చేత్తోని సూస్తున్నది. నేను శాన రోజుల సంది సూస్తున్న. నువ్వు మాట్లాడితె నీ కండ్లు సూస్తలేదు, నోరు సూస్తున్నది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "బ్లాస్టింగ్‌కు ఉలికిపడ్తది గదా!" అన్నాను. ఆయనకు వినపడదని తెలిసీ అరిచాను.

బాపు నా పెదాలు చదివాడు. "నేను ఉలికివడ్తలేనా?" అన్నాడు.

నేను రేడియో ఆపేసి లోపలికి పోయాను. ఆ పూట ఆయనకు అన్నం పెట్టాను గానీ ముఖం చూడలేదు. ఆయనతో మాట్లాడకుండా ఉండాలంటే ముఖం తిప్పుకుంటే చాలు, అంతకంటే సులువు లేదు.

మర్నాడు మధ్యాహ్నం, పాప ముందుగదిలో సీసా మూతలు వరసగా పేర్చుకుంటోంది. బాపు వరండాలో కుర్చీలో ఉన్నాడు. నేను వంటింటి గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డాను. సైరన్ కూసింది. పొడుగ్గా, గట్టిగా, ఊరి చివరిదాకా వినపడేంత. గల్లీలో కుక్కలు మొరిగాయి. పక్కింటి అక్క పెరట్లో ఆరేసిన బట్టలకు దుమ్ము పడుతుందని తీసుకుంటోంది. పాప మూతలు పేర్చుతూనే ఉంది. ఎర్రమూత పక్కన తెల్లమూత పెట్టింది. సైరన్ ఆగింది, మళ్లీ కూసింది. తల తిప్పలేదు. తిప్పు తల్లీ, ఒక్కసారి ఇటు తిప్పు అని లోపల లోపల మొక్కుకుంటున్నాను. నీలంమూత పెట్టింది.

అప్పుడు భూమి కదిలింది. గిన్నెలు మోగాయి. పాప చటుక్కున తలెత్తింది. వరండాలో బాపు కూడా సరిగ్గా అప్పుడే తలెత్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూతల వరస చెదిరిపోయింది.

చేటలో బియ్యం నేల మీద పడ్డాయని తర్వాత చూసుకున్నాను.

కరీంనగర్‌లో చెవుల డాక్టర్ దగ్గరికి నలుగురం పోయాం. నిద్రమందు తాగించి, పాపను పడుకోబెట్టి, నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అతికించారు. అంత చిన్న తల. నేను దాని పాదం పట్టుకుని కూర్చున్నాను. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి, పుట్టుకతోనే అని చెప్పింది.

"మూడేళ్లు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదా?"

మా ఆయన తల వంచుకుని, "బ్లాస్టింగ్‌కు ఉలికిపడ్తది మేడం" అన్నాడు.

"బ్లాస్టింగా? ఇంట్లోనా?"

"ఓపెన్‌కాస్ట్ మేడం. మాకు రోజూ ఉంటది."

ఆమె "భూమి కదిలితే ఎవరికైనా తెలుస్తుంది. అది వినడం కాదు" అంది, నెమ్మదిగానే. ముందు చెవి మిషన్లు పెట్టి కొన్నాళ్లు మాటలు నేర్పించాలనీ, చాలకపోతే ఆపరేషన్ ఆలోచించాలనీ, ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదనీ చెప్పింది. మాట వస్తుందా అని అడిగాను. ప్రయత్నం చేద్దాం అంది. అంతకంటే గట్టిగా ఏమీ అనలేదు.

తిరుగుదారిలో చాయ్ కోసం కారు ఆపాం. మా ఆయన పాపను ఎత్తుకుని అటు పక్కకు పోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి, చూడనట్టే ఉన్నాను. బాపు చాయ్ గ్లాసు పట్టుకుని, తాగకుండా, "నా నుంచే వచ్చిందా బిడ్డా?" అని అడిగాడు.

ఆయన ముందుకు పోయి నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను. "నీది బాయి మిషనుది బాపు. దీనిది పుట్టుకది. రెండిటికీ సంబంధం లేదట."

తల ఊపాడు. నమ్మలేదని నాకు తెలుసు. ఇప్పటికీ నమ్మలేదు. పాపను ఎత్తుకున్నప్పుడల్లా దాని చెవుల మీద చెయ్యి వేసి నిమురుతాడు.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. పాప పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇట్లా రాసుకుంటున్నాను. చిన్నప్పుడు రేడియోకు చెవి పెట్టి నేను ఎన్ని ఊళ్లు కట్టుకున్నాను, ఎంతమంది మనుషులను చేసుకున్నాను. అవన్నీ చెవిలోంచే వచ్చాయి. నా బిడ్డకు అవి ఎక్కడి నుంచి వస్తాయి అన్నదే నా దిగులు. మిషన్లు పెట్టాక గొంతు వినపడినా అది మనకు వినపడినట్టు ఉండదట. నా గొంతు దానికి ఎట్లా ఉంటుందో నేను ఎప్పటికీ తెలుసుకోలేను. మూడేళ్లు జోలపాటలు పాడాను. పాడుతున్నప్పుడు నా ఛాతీ మీద చెంప పెట్టుకుని పడుకునేది. అది మాత్రం ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం చెవి మిషన్ల కొలతల గురించి ఫోన్ వస్తే మాట్లాడుతూ ముందుగదిలోకి వచ్చాను. స్టూలు మీద రేడియో మోగుతోంది. పాప దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. బాపు మంచం మీద ఉన్నాడు. ఫోన్ పెట్టేసి, ఏమనిపించిందో, పోయి ఆయన ఎదురుగా కూర్చున్నాను. హాస్టల్‌కు పోయినప్పటి నుంచి నోట రాని మాట.

"బాపూ, ఇయ్యాల నాటకం ఏమొచ్చింది?"

ఆయన నా పెదాలను చూశాడు. మళ్లీ అడగమన్నట్టు చూశాడు. మళ్లీ అడిగాను. ఆయన కళ్లు తడిశాయి. కాళ్లు మంచం మీదికి ముడుచుకున్నాడు. పాపను దగ్గరికి లాక్కుని, దాని రెండో చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకున్నాడు.

"ఒక పిల్ల ఉంటది" అన్నాడు. "బాయిల పుట్టింది. దానికి చీకటంటె భయం లేదు. ఎందుకంటె అది గోడ మీద చెయ్యి వెట్టి నడుస్తది..."

పాప ఒక చెయ్యి రేడియో మీద, ఒక చెయ్యి తాత గొంతు మీద పెట్టి, ఆయన నోటినే చూస్తోంది. నేను వింటున్నాను. ఎలుక వచ్చింది కథలోకి, సగం రొట్టె వచ్చింది. అమ్మ ఉంటే వంటింట్లోంచి నవ్వేది.

ఉన్నట్టుండి పాప రేడియో మీది చెయ్యి తీసేసింది. అరచెయ్యి తిప్పి చూసుకుంది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. బాపు తన చెయ్యి కూడా రేడియో మీద వేసి చూశాడు. "సెల్లులు అయిపోయినయి" అన్నాడు. అప్పుడు చెవి పెట్టి విన్నాను నేను, గరగర కూడా లేదు. రేడియో ఎప్పుడు ఆగిందో నాకు తెలియనే లేదు.

బాపు కథ ఆపలేదు. పాప ఆ ఖాళీ చెయ్యి కూడా తెచ్చి ఆయన గొంతు మీదనే పెట్టింది.